చెమర్చిన చెంబు

నాకు కోపం త్వరగా వస్తుందని మా ఇంట్లో అందరూ అంటారు. అది నిజం కాదు. నాకు వచ్చింది ఒకటే కోపం. పావడా కట్టుకునే వయసులో వచ్చింది, ఇంకా పోలేదు. మధ్యమధ్యలో ఎవరో ఒకరు దాని మీద ఇంత బొగ్గు వేసి ఊదుతుంటారు. ఈసారి ఊదింది మా పెదనాయన కొడుకు.

ఆ అన్న తిరుత్తణిలో కొత్త షెడ్డు కట్టించి, పూజకు రమ్మని పిలిచాడు. పోయాను. కేసరి, వడ, అరిటాకులో భోజనం, అన్నీ బాగానే ఉన్నాయి. తిన్న తర్వాత షెడ్డు చూపిస్తానని తీసుకుపోయాడు. ఇప్పుడు కొలిమి గ్యాసుతో మండుతోంది. ఇనుప అచ్చుల లోపల పూసే పూత డబ్బాల్లో వస్తోంది, సిరామిక్ కోటింగ్ అంటారట. దాన్ని చిన్న తుపాకీలాంటి దానితో చిమ్ముతారు. కరిగిన లోహం ఇనుముకు పట్టుకోకుండా, ఇనుమును తినేయకుండా ఆ పూత కాపాడుతుందని అన్న నాకు వివరంగా చెప్పుకొచ్చాడు. పూత గిన్నెల మధ్య దోగాడి పెరిగినదాన్ని నేను. అయినా వింటూ పోయాను, పెద్దవాడు కదా అని.

పూతగది ముందుకు వచ్చేసరికి నేల మీద అడ్డంగా ఒక ఎర్రగీత కనబడింది. తలుపు మీద అరవంలో బోర్డు. ఆడవాళ్ళు లోపలికి రాకూడదని దాని అర్థం. గీతకు ఇవతల అన్న మనవరాలు నిలబడి ఉంది, కాలేజీకి పోయే పిల్ల.

"ఏమ్మే, ఈడనే నిలబడిపోతివి?" అన్నాను.

"మన ఇంటి ఆచారం కదవ్వా. ఆడోళ్ళు పూత తాకకూడదంట. ముందు ఎవురో అత్త బయట చేరిండి, ఆ సంగతి చెప్పకుండా పూత కలిపేసిందంట. దాంతో అచ్చు పేలి ఎవురికో కన్ను పోయిందంట. నీకు తెలీదా?"

ఆ ఎవరో అత్త మా మేనత్త. కన్ను పోయిన ఆ ఎవరో మా నాయన. నాకు తెలీదా అని అడుగుతోంది ఆ పిల్ల. దాని తప్పేముంది? దానికి చెప్పినవాళ్ళు అట్లా చెప్పారు.

మాది ఇత్తడి పోత పోసే ఇల్లు. తిరుత్తణి కొండ దిగువ వీధిలో ఉండేవాళ్ళం. కొండ మీద మురుగన్‌కు కావడి మోసుకొచ్చేవాళ్ళు కట్టుకునే చిన్న గంటలు, ఇళ్ళలో పూజకు పెట్టుకునే చిన్న వేలాయుధాలు మా ఇంట్లో తయారయ్యేవి. తాతల కాలంలో అన్నీ మట్టి అచ్చులే. ఒకసారి పోసి, పగలగొట్టి, మళ్ళీ కొత్తది చేసుకోవడం. మా పెదనాయన మద్రాసు పోయి రెండు పలకలుగా విడిపోయే ఇనుప అచ్చులు కొనుక్కొచ్చాడు. ఇనుప అచ్చయితే పోసిన కొద్దీ పోయవచ్చు. వీధంతా వచ్చి చూసిపోయారు. తీరా పోస్తే ఇత్తడి ఇనుముకు కరుచుకుపోయింది. ఉలి పెట్టి కొట్టినా ఊడలేదు. పెదనాయన వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు, పాపం.

అప్పుడు అత్త పూనుకుంది. అత్త అంటే నాయనకు, పెదనాయనకు చెల్లెలు. పెళ్ళయిన కొత్తల్లోనే మొగుడు పోతే పుట్టింటికి వచ్చేసింది. మట్టి అచ్చులకు లోపల బూడిదనీళ్ళు పూసే పని ఎప్పుడూ ఆడవాళ్ళదే కాబట్టి, ఇనుముకూ ఏదో ఒకటి పూసి చూద్దామంది. పగిలిపోయిన పాత మూసలు, అంటే లోహం కరిగించే మట్టి కుండలు, పెరట్లో కుప్పగా పడి ఉండేవి. వాటిని దంచి, పాత పంచెగుడ్డలో జల్లించింది. నామపు సుద్ద కలిపింది. ఊకబూడిద కలిపింది. సిలికేటు అని డబ్బాలో అమ్మే గాజు జిగురు కొంచెం పోసింది. వంటింట్లోంచి తోసేసిన చీలిన రోట్లో అన్నీ వేసి రుబ్బింది. చెడగొట్టి, మళ్ళీ కలిపి, మళ్ళీ చెడగొట్టి, చివరికి ఒకరోజు గంట అచ్చులోంచి దానంతట అదే జారి పడింది. పెదనాయన ఆ గంటను కొండ మీద గుళ్ళో ఇచ్చి వచ్చాడు. అత్తకు ఒక మాట చెప్పాడో లేదో నాకు గుర్తు లేదు. చెప్పి ఉండడు.

ఆ పూత వాసన నాకు ఇప్పటికీ కావాలనిపిస్తుంది. వేడి ఇనుము మీద తాటిపీచు కుంచెతో పూయగానే చుయ్యిమని, ఎండిన నేల మీద తొలివాన పడ్డట్టు గుప్పున లేచేది. మేము పిల్లలం సుద్దగడ్డలు దొంగిలించి నమిలేవాళ్ళం. "కడుపులో పురుగులు పడతాయి, ముండా!" అని అవ్వ, అంటే నాయన తల్లి, కర్ర పట్టుకుని వెంటబడేది. ఒకసారి సిలికేటు జిగురుతో మా అన్న పలకను అరుగుకు అతికించేశాను. అది రాలేదు. అన్న లాగితే చెక్కచట్రం చేతికి వచ్చింది, పలక అరుగు మీదే ఉండిపోయింది. అవ్వ దాని మీద కూర్చుని వక్కాకు వేసుకునేది. అచ్చులు కాచాక మిగిలిన నిప్పుల్లో అత్త మాకు గెణుసుగడ్డలు, అంటే చిలగడదుంపలు, కాల్చి పెట్టేది. సగం బూడిద, సగం తీపి, మూతి కాలినా వదిలేవాళ్ళం కాదు.

అత్త నోరు కూడా తక్కువది కాదు. "ఇనుముకు చొక్కా తొడగతా ఉండా. మీ మొగోళ్ళకు బుద్ధి తొడగమంటే మాత్రం నా వల్ల కాదు" అనేది. నాయన నవ్వేవాడు. పెదనాయన నవ్వేవాడు కాదు.

పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ అత్తను వెనకగదిలో ఉండమనేవారు. ఎవరైనా ఊరికి బయలుదేరుతుంటే ఎదురు రావద్దని అవ్వ ముందే కేకేసేది. అట్లాంటి ఇంట్లో, కొలిమి దగ్గర మాత్రం అత్త సరే అనందే మూస దించేవారు కాదు. ఆమెకు మనిషిలా నిలబడడానికి ఉన్న చోటు ఆ నాలుగు అడుగుల నేల ఒక్కటే. అందుకే చెబుతున్నాను, వాళ్ళు ఏం లాక్కున్నారో తెలియాలని.

సరే అనడానికి ఆమె దగ్గర ఒక పద్ధతి ఉండేది. పూసిన అచ్చును మళ్ళీ నిప్పుల మీద కాచేది. తర్వాత ఒక ఇత్తడి చెంబును బావినీళ్ళలో ముంచి తీసి, పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, అచ్చు నోటి మీద కాసేపు పట్టుకునేది. చెంబు చెమర్చితే పూత లోపల ఇంకా తడి ఉన్నట్టు. మళ్ళీ నిప్పుల మీదికే. చెంబు పొడిగా ఉంటే, "ఊఁ, పొయ్యండి" అనేది. తడి ఉన్న అచ్చులో కరిగిన ఇత్తడి పోస్తే, ఆ తడి ఒక్కసారిగా ఆవిరై లోహాన్ని బయటికి చిమ్మేస్తుంది. "పైన ఆరితే ఆరినట్టు కాదు మే. కడుపులో ఆరాల" అని నాకు చెప్పేది.

ఆ ఏడు ఆడికృత్తిక ముందర పట్టిన ముసురు ఇంకా కళ్ళకు కట్టినట్టుంది. మురుగన్‌కు చేసే ఆ పండగే మాకు ఏడాది తిండి. బయట రోడ్డు మీద అప్పటికే పసుపుబట్టల జనం, "అరోగరా, అరోగరా" అని కేకలు, తడిసిన పూలవాసన. లోపల బొగ్గంతా నెమ్ముకుంది. అంటించినా పొగే తప్ప కణకణలాడదు. కొండమెట్ల దగ్గర అంగడి పెట్టుకున్న షావుకారు గొడుగేసుకుని వచ్చి అరుగు మీద నిలబడ్డాడు.

"ఏమయ్యా, సరక్కు యాడ? సాయంత్రానికి గంటలు రాకుంటే చెప్పేయ్, నేను కుంభకోణం సరక్కు దించుకుంటా. తర్వాత నా మీద కోపపడకూడదు" అన్నాడు.

"వచ్చేస్తాది సామీ. సాయంత్రం కల్లా మీ అంగట్లో ఉంటాది" అని పెదనాయన మాట ఇచ్చేశాడు.

ఉన్న కాస్త మంచి బొగ్గూ కొలిమికే సరిపోయింది. అచ్చులు కాచడానికి నిప్పులు లేవు. పెదనాయన చల్లటి ఇనుము మీదే పూత పూయించి, ముసురు తెరిపిచ్చినప్పుడు వచ్చిన పలచటి ఎండలో పెట్టించాడు. గోడకు సున్నం కొట్టి ఆరబెట్టినట్టు. పైకి చూస్తే తెల్లగా, పొడిగా, ముద్దొచ్చేట్టు ఉంది.

అత్త చెంబు తెచ్చి అచ్చు నోటి మీద పట్టుకుంది. నేను ఆమె పక్కనే, కొంగు పట్టుకుని ఉన్నాను. చెంబు పొట్ట మీద మంచు పట్టినట్టు చెమ్మ కమ్ముకుంది. వేలితో గీస్తే గీత పడేంత.

"వద్దన్నా. లోపల తడి అట్లే ఉండాది. కొలిమిలోవి రెండు పారల నిప్పులియ్యి, కాచిస్తా" అంది అత్త.

"కొలిమి చల్లారిపోతాది. పొద్దున్నించి ఎండలో ఆరింది చాలదా? నీ చెంబు చెప్తేనే పొయ్యాల్నా ఈ ఇంట్లో?" అంటూ పెదనాయన తన భుజం మీది తుండుగుడ్డ తీసి, ఆ చెంబును తుడిచేశాడు. తుడిచి, అందరికీ కనబడేట్టు పైకెత్తి చూపించాడు. "చూడండి, యాడుండాది చెమ్మ?"

నాయన పట్టకారుతో అచ్చు పట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఆయన చూశాడు. కొలిమితిత్తి దగ్గరున్న అన్న చూశాడు. అత్త నాయనను చూసి, "నువ్వైనా చెప్పు, చిన్నన్నా" అంది. నాయన పట్టకారు సర్దుకుని అచ్చు మీదికి వంగాడు. పెదనాయన పోశాడు.

టపాసు పేలినట్టు కూడా కాదు, ఎవరో గట్టిగా ఉమ్మేసినట్టు ఒక చప్పుడు. నాయన కేక. ఆ తర్వాత అందరి కాళ్ళే కనబడ్డాయి నాకు. అత్త ఒక్కతే బుద్ధి ఉన్న పని చేసింది. నీళ్ళ తొట్టి దగ్గరికి నాయనను ఈడ్చుకుపోయి ముఖం మీద బిందెలకు బిందెలు కుమ్మరించింది. అమ్మ, పెదనాయన కలిసి నాయనను రైలెక్కించి తిరువళ్ళూరు ఆసుపత్రికి తీసుకుపోయారు. దారిపొడుగునా నాయన ఒక్క మూలుగు మూలగలేదని అమ్మ తర్వాత చెప్పింది. ఎడమ కన్ను పోయింది.

వాళ్ళు తిరిగొచ్చిన రోజు ఇంటి నిండా జనం. కులపెద్దలు అరుగు మీద కూర్చున్నారు. కృత్తిక ముందర, దేవుడి గంటలు పోస్తూ ఇట్లా జరిగిందంటే ఏదో అపచారం జరిగి ఉండాలన్నారు. ఎట్లా జరిగిందని పెదనాయనను అడిగారు. ఆయన తల దించుకున్నాడు. నేను ఆయన నోటివైపే చూస్తూ నిలబడ్డాను, ఇప్పుడు చెబుతాడు, ఇప్పుడు చెబుతాడు అని.

మాట్లాడింది అవ్వ. "వాణ్ణి ఏమి అడగతారు? దీన్ని అడగండి. బయట చేరిండి, నోరు మూసుకోని పూత కలిపింది. అయ్యే పని అయిపోయింది."

"అమ్మా!" అంది అత్త. అంతకన్నా ఒక్క అక్షరం రాలేదు ఆ నోట్లోంచి. అంత నోరున్న మనిషి.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎందుకంటే ముందు వారమే అత్త పెరట్లో మూడు రోజులు కూర్చుని, తలస్నానం చేసి లోపలికి వచ్చింది. ఆ మూడు రోజులూ అన్నం తీసుకుపోయి దూరంగా పెట్టి వచ్చింది నేనే. పెట్టమని పంపింది ఈ అవ్వే.

"పోయిన వారమే కదవ్వా కూర్చునిండేది! అన్నం నేనే కదా పెట్టినా! పెదనాయన చెంబు తుడిచేసినాడు, నేను చూసినా!" అని అరిచాను.

అమ్మ నన్ను చెంప మీద కొట్టింది. చెవి గుయ్యిమంది. నన్ను రెక్క పట్టుకుని లోపలికి లాక్కుపోతూ అమ్మ ఏడుస్తోంది. కొట్టినవాళ్ళు ఏడవడం నాకు ఇంకా మంట పుట్టించింది. పెద్దమనుషులకు నా మాట వినబడలేదట. ఊరవతల కావడి మేళం వినబడే చెవులకు, అరుగు మీద అరిచిన నా అరుపు వినబడలేదు.

అబద్ధం నిజం కావాలి కదా. అందుకని అత్తను ఆ రోజే పెరట్లో కూర్చోబెట్టారు. ఏమీ లేకుండానే మూడు రోజులు. అన్నం మళ్ళీ నన్నే తీసుకుపొమ్మన్నారు. నేను దూరంగా పెట్టలేదు. ఆమె పక్కనే కూర్చుని, ఆమెను ఆనుకుని, అదే ఆకులో తిన్నాను. అవ్వ చూసి నానా తిట్లూ తిట్టింది. "తాకితే ఏమవతాది? ఏమీ లేదు కదా, నీకు తెల్సు కదా!" అన్నాను. అవ్వ కర్ర ఎత్తింది, కొట్టలేదు, దించేసింది. ఆమెకు తెలుసు. తర్వాత అమ్మతో అంటుంటే విన్నాను. "పెద్దోడి పేరు పోతే వీధిలో పోతాది. దాని పేరు పోతే ఇంట్లోనే కదా పోతాది." కన్నకూతురి గురించి ఒక తల్లి అన్న మాట ఇది.

కన్నుకు కట్టు కట్టుకుని పడుకున్న నాయన దగ్గరికి పోయి అడిగాను.

"నాయనా, చెంబు చెమర్చింది నువ్వు చూసినావా లేదా?"

"చూసినా."

"మరి చెప్పవా?"

"అన్న కదమ్మా" అన్నాడు. అన్నాక గోడవైపు తిరిగి పడుకున్నాడు. కన్ను పోయిన మనిషి మీద కోపం రాకూడదంటారు. నాకు వచ్చింది. పెదనాయన మీద కన్నా ఎక్కువ వచ్చింది. ఆయనకు భయం, అందుకు అబద్ధం. నాయనకు ఏం పోతుంది? పోవలసిన కన్ను ఎట్లాగూ పోయింది.

ఆ తర్వాత అత్తను పూత గిన్నె దగ్గరికి రానివ్వలేదు. ఆడవాళ్ళెవరూ రాకూడదన్నారు. నిన్నటిదాకా రుబ్బిన చేతులు ఇవాళ అపవిత్రమైపోయాయి. మగవాళ్ళే కలిపారు, ఆమె చెప్పిన పాళ్ళతోనే. చెంబు మాత్రం పెట్టలేదు. ఎట్లా పెడతారు? పెడితే ఆ రోజు ఏం జరిగిందో గుర్తొస్తుంది కదా. అత్త కొన్నాళ్ళు వంటింటి గడపలో కూర్చుని కొలిమివైపు చూస్తూ ఉండేది. పోత పోసే చప్పుడు వినబడితే ఉలిక్కిపడేది. ఆ తర్వాత ఒకనాడు ఊత్తుకోటలో దూరపు చుట్టాల భోజనం హోటల్లో వంటకు మనిషి కావాలంటే పంపేశారు. ఒక గుడ్డసంచితో బస్సెక్కింది. ఎదురు రావద్దని కేకేసే అవ్వ ఆరోజు కేకేయలేదు. ఇంట్లోంచి పోయేది ఆమే కదా.

పెళ్ళయ్యాక ఒకసారి నేను ఊత్తుకోట పోయి చూసి వచ్చాను. రోడ్డు పక్కన రేకుల కొట్టు, పెద్ద గుండిగల్లో సాంబారు, పొగకు ఎర్రబడ్డ కళ్ళు. నాకు దోశలు పోసి పెట్టింది. ఎవరి మీదా ఒక్క మాట అనలేదు. లేచి వచ్చేటప్పుడు మాత్రం అడిగింది.

"పొయ్యే ముందర చెంబు పెడ్తా ఉండారా మే?"

"లేదత్తా" అన్నాను.

"పెట్టమని చెప్పు. మీ నాయనకు ఇంకా ఒక కన్నుండాది."

వెళ్ళి చెప్పాను. పెదనాయన వినలేదు. నాయన విన్నాడు, ఆ రోజు నుంచి అచ్చు పట్టుకోవడం మానేశాడు. నాయన చేసిన తిరుగుబాటు అంతవరకే. అత్త పోయిందని కబురొచ్చినప్పుడు ఆయన ఒక్కడే పోయి కొరివి పెట్టి వచ్చాడు. రెండు పూటలు అన్నం ముట్టలేదు. నువ్వు అన్నం మానేస్తే ఎవరికి లాభం నాయనా అని అడగాలనిపించింది. ఆయన ముఖం చూసి ఊరుకున్నాను.

అవ్వ, పెదనాయన, నాయన, అమ్మ, ఒకరి తర్వాత ఒకరు పోయారు. ఆ మాట మాత్రం పోలేదు. అబద్ధంగా పుట్టి, ఇంట్లో పెరిగి పెద్దదై, ఆచారమని పేరు పెట్టుకుని, కొత్త షెడ్డు తలుపు మీద బోర్డయి కూర్చుంది.

ఆ ఎర్రగీత దగ్గర నిలబడి నేను ఇదంతా చెప్పేశాను. మెల్లగా చెప్పలేదు. పనివాళ్ళు తుపాకులు దించి వింటున్నారు. ఆ పిల్ల నోరు తెరుచుకుని వింటోంది. అన్న చేయి ఊపుతూ, "పోదుం మే, పోదుం, ఊరుకో" అంటున్నాడు.

"నువ్వు తిత్తి దగ్గరనే ఉంటివి కదన్నా. నువ్వు చూడలేదా?"

ఆయన ఊపుతున్న చేయి దించాడు. "చూసినా మే. నాకు తెల్సు."

"తెలిసి బోర్డు కట్టినావా?"

"మా నాయన పేరు పోతాది కదా."

"అత్త పేరు పోయి ఎన్నాళ్ళయింది?" అన్నాను. షెడ్డు గోడ మీది పటంలో పెదనాయన పూలదండ వేసుకుని ఉన్నాడు. అత్త పటం అక్కడే కాదు, ఏ ఇంట్లోనూ లేదు. ఆమెను ఎవరూ ఫొటో తీయలేదు.

వచ్చేద్దామని వెనక్కి తిరిగాను. ఇంతలో అన్న మనవరాలు పక్కనున్న ఇంట్లోకి పోయి ఒక స్టీలు చెంబు తెచ్చింది. నీళ్ళలో ముంచి తెచ్చిందేమో, నీళ్ళు కారుతోంది. తన చున్నీతో దాన్ని పొడిగా తుడిచింది. తాతవైపు చూడకుండా గీత దాటి లోపలికి పోయింది. అప్పుడే పూత చిమ్మి, పోయడానికి సిద్ధంగా పెట్టిన అచ్చు ఒకటి వేడివేడిగా ఉంది.

"యాడ పెట్టాలవ్వా?" అని అడిగింది.

నేనూ గీత దాటాను. ఆ పిల్ల చేయి పట్టుకుని, అత్త నాకు చూపించినట్టే, అచ్చు నోటి మీద, తాకీ తాకనట్టు పెట్టించాను. పనివాళ్ళు దగ్గరికి వచ్చి వంగి చూశారు. అన్న కూడా వచ్చాడు, భుజం మీద తుండుగుడ్డతో.

చెంబు చెమర్చింది. ఎవరూ తుడవలేదు.